ట్యూనరు గృహస్థుని హక్కు

నేడు ఒక సామాన్య గృహస్థుడు టెలివిజన్ సెట్టును కొనుటకై అంగడికి పోయినచో, దాని తెర ఎన్ని అంగుళములో, అందలి వర్ణములు ఎంత కాంతివంతములో, ఏయే ఇంటర్‌నెట్ సదుపాయములు దానియందు అమర్చబడినవో విక్రేత సవిస్తరముగా వివరించును. కాని ఆ సెట్టు కేబులుతో గాని, ఇంటర్‌నెట్టుతో గాని, వేరొక పెట్టెతో గాని నిమిత్తము లేక, ఆకాశమునుండి దిగివచ్చు ప్రసారమును తనంతట తాను గ్రహింపగలదా లేదా యను విషయమును అతడు చెప్పడు, ఇతడు అడుగడు. ప్రసారమును గ్రహించుటకే పుట్టిన యంత్రమునందు ఆ గ్రహణశక్తియే ఎవ్వరికిని పట్టని విషయమగుట నాకు మిక్కిలి విచారకరముగా తోచుచున్నది. ఆ శక్తికి ఆధారభూతమైన అంగము ట్యూనరు. నేటి డిజిటల్ ప్రసారములకు తగిన ట్యూనరు మన దేశమున అమ్ముడుపోవు ప్రతి సెట్టునందును చట్టముచేత నిర్బంధముగా ఉండవలెననియు, దానిని ఉపయోగించుకొను మార్గము ప్రతి గృహమునకును తెలిసియుండవలెననియు నా మనవి.

మన ఇండ్లలోని పెక్కు సెట్లలో ట్యూనరు లేకపోలేదు. ఉన్నది, కాని అది అనలాగ్ కాలమునకు చెందినది. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకముగా ఆరంభమై, 1977లో హైదరాబాదునకు వచ్చి, 1982లో ఆసియా క్రీడల సందర్భమున వర్ణశోభను సంతరించుకొని, తరువాతి సంవత్సరములందు చిన్న ట్రాన్స్‌మిటర్ల ద్వారా జిల్లా పట్టణములకెల్ల వ్యాపించిన దూరదర్శన్ అనలాగ్ భూతల ప్రసారము, సరిహద్దులందును ద్వీపములందును అవసరమని నిలుపుకొనిన సుమారు 50 కేంద్రములు మినహా, 2022 మార్చి 31 నాటికి ముగిసిపోయినది. కావున ఆ సెట్టునందు ఆటో సెర్చ్ మీట నొక్కిన గృహస్థునకు, తెరపై అంకెలు ఒకటినుండి నూరు శాతమువరకు నెమ్మదిగా పెరుగుటయు, అన్వేషణ ముగిసిన పిమ్మట ఒక్క చానలైనను దొరకలేదను సమాచారమును మాత్రమే కనబడును. ట్యూనరు చెడిపోలేదు, అది వినుటకు నేర్చిన భాషలో పలుకువారు ఆకాశమున ఇప్పుడు లేరు. ప్రసారము రూపు మార్చుకొనినపుడు గ్రాహకమునుగూడ మార్చవలెనను నియమము చేయబడకపోవుటచేత ఆ లోటును పూరించు భారము ఒక అదనపు పెట్టె రూపమున గృహస్థునిపై పడినది.

ట్యూనరు చేయు పని యేమి? మన మిద్దెపై అనుక్షణము అసంఖ్యాకములైన విద్యుదయస్కాంత తరంగములు వచ్చి పడుచుండును. వానిలో రేడియో కేంద్రములవి కొన్ని, సెల్ టవర్లవి కొన్ని, ఉపగ్రహములవి కొన్ని. ఆ సంకులమునుండి మనకు కావలసిన యొక్క తరంగమును వేరుపరచి, తక్కిన వానిని త్రోసిపుచ్చి, సంస్కరించుటకు అనువైన స్థాయికి దానిని దించి తరువాతి అంగములకు అప్పగించుటయే ట్యూనరు ధర్మము. 1918లో అమెరికా దేశీయుడైన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించిన సూపర్ హెటెరోడైన్ పద్ధతి శతాబ్దము గడచినను దీనికి ప్రాణముగా నిలిచియున్నది. వెలుపలినుండి వచ్చిన తరంగముతో, యంత్రమునందే పుట్టించిన మరియొక తరంగమును మేళవించినచో, ఆ రెంటి భేదమునకు సమానమైన మూడవ తరంగము జనించును. కేంద్రము మారినప్పుడెల్ల లోపలి తరంగమునుగూడ దానికనుగుణముగా మార్చినచో ఆ భేదము ఎల్లప్పుడును ఒకే సంఖ్యగా నిలుచును. కావున తరువాతి వడపోత యంతయు ఆ యొక్క సంఖ్యకే నిర్మించుకొనవచ్చును. మన పాత సెట్లలో చిత్రమునకు ఆ సంఖ్య 38.9 మెగాహెర్ట్జ్. ఆనాటి సెట్టు ముఖమున ఒక గుండ్రని మీట యుండెడిది. దానిని బిగువుగా త్రిప్పినపుడు టక్కుమని శబ్దము చేయుచు లోపలి లోహపు డ్రమ్ము ఒక మెట్టు తిరిగి, ఆ చానలునకు నియమింపబడిన తీగచుట్టలు స్పర్శస్థానమునకు వచ్చి నిలిచెడివి. నేడు ఆ డ్రమ్ము, ఆ తీగచుట్టలు చేసిన పనియంతయు గోరంత సిలికాన్ చిప్పు చేయుచున్నది.

అనలాగ్ కాలమున ట్యూనరు అప్పగించిన తరంగము నందే చిత్రము యథారూపమున ఇమిడియుండెడిది. డిజిటల్ ప్రసారమున అట్లు కాదు. సామాన్య స్పష్టత గల చిత్రము స్టూడియోలో సెకనుకు 27 కోట్ల బిట్ల ప్రవాహముగా పుట్టును. దానిని అటులనే పంపదలచినచో ఒక సాధారణ ఉపగ్రహ ట్రాన్స్‌పాండరు ఒక్క చానలునకైనను చాలదు. కావున చిత్రమునందు క్షణక్షణమునకును మారని భాగములను మరల మరల పంపక, మారినదానిని మాత్రమే పంపు ఎంపెగ్ పద్ధతిచేత ఆ ప్రవాహము సెకనుకు కొన్ని పదుల లక్షల బిట్లకు సంకోచింపజేయబడును. ఇట్లు కుదించిన పెక్కు చానళ్లు ఒకే ప్రవాహమున కలిసి, 188 బైట్లు గల చిన్న చిన్న ప్యాకెట్లుగా విభజింపబడి ప్రయాణము చేయును. ప్రతి ప్యాకెట్టు ఆదిని ఒక గుర్తుబైటును, అది ఏ చానలుయొక్క చిత్రమునకో శబ్దమునకో చెందినదని తెలుపు సంఖ్యయు ఉండును. మనము రిమోట్ నొక్కి చానలును మార్చినపుడు, రెండును ఒకే ప్రవాహమునందున్నచో, ట్యూనరు కదలదు. ఏ సంఖ్య గల ప్యాకెట్లను ఏరవలెనను నిర్ణయము మాత్రమే మారును.

ఇందలి మహత్తరాంశము దోషపరిహారము. 36,000 కిలోమీటర్ల దూరమునుండి అణుమాత్రముగా మిగిలి వచ్చు సిగ్నలునందు బిట్లు తారుమారగుట అనివార్యము. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అను ఇరువురు గణితవేత్తలు ప్రకటించిన సంకేతమును అనుసరించి, డీవీబీ అను డిజిటల్ ప్రసారపద్ధతియొక్క తొలి ఉపగ్రహ ప్రమాణమునందు ప్రతి 188 బైట్ల ప్యాకెట్టునకును 16 రక్షకబైట్లు చేర్చబడినవి. ఆ 204 బైట్లలో ఎనిమిదింటివరకు చెడిపోయినను, అవి ఏవో ముందుగా తెలియకపోయినను, గ్రాహకము గణితబలముచేత వానిని గుర్తించి యథాతథముగా పునరుద్ధరింపగలదు. డీవీబీ-ఎస్2 అను తరువాతి ప్రమాణము రాబర్ట్ గాలగర్ 1960 ప్రాంతమున ఎం.ఐ.టి.లో పరిశోధకుడుగా నుండి కనుగొనిన వేరొక సంకేతమును స్వీకరించినది; లెక్కించుటకు తగిన యంత్రములు లేక దశాబ్దములపాటు గ్రంథములందు నిద్రించిన ఆ సంకేతము నేడు కోట్లాది ఇండ్లలో అహోరాత్రములు పని చేయుచున్నది. అరువది యేండ్లనాటి విద్వాంసుల పరిశ్రమ ఒక పేదవాని మిద్దెపై ఈ విధముగా ఫలించుట తలచుకొనినపుడెల్ల నాకు గౌరవభావము కలుగుచుండును.

ఐతే ఈ రక్షణకు ఒక హద్దు కలదు. పూర్వము సిగ్నలు క్షీణించినకొలది తెరపై తెల్లని చుక్కలు దట్టమగుచు, నీడలు పడుచు, శబ్దము గరగరలాడుచున్నను, వార్తలు చదువువారి ముఖమును పోల్చుకొనుటకు వీలుండెడిది. డిజిటల్ ప్రసారమున దోషములు సవరింపదగినంత మేరలో నున్నంతవరకు చిత్రము నిర్దుష్టముగా నుండి, ఆ మేర దాటిన మరుక్షణము గళ్లుగళ్లుగా విరిగి, స్తంభించి, తెర నల్లబడిపోవును. ఈ మర్మము తెలియనివారు, నిన్నటివరకు బాగుగా నున్న సెట్టు నేడు హఠాత్తుగా చెడిపోయినదని భ్రమించి మరమ్మతుకై పరుగెత్తుచున్నారు. వాస్తవమునకు చాలకాలమునుండి హద్దునకు చేరువలో నడచుచుండిన సిగ్నలు, కేబుల్ కొనయందు చేరిన వర్షపునీటిచేతనో, వదులైన కనెక్టరుచేతనో, గాలికి రెండు డిగ్రీలు ప్రక్కకు ఒరిగిన డిష్షుచేతనో ఆ హద్దును దాటినదంతియే. పన్నెండు గిగాహెర్ట్జ్ ప్రాంతపు కేయూ బ్యాండు తరంగముల పొడవు రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే యగుటచేత దట్టమైన వానధారలు వానిని హరించును. అట్టి వేళ ఏ మరమ్మతును అక్కరలేదు, మేఘము తొలగువరకు ఓపిక పట్టిన చాలును.

డిష్షును అమర్చుట గృహస్థునకు అసాధ్యమైన విద్య కాదు. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అను పేర ఆరంభమై, నేడు డీడీ ఫ్రీ డిష్‌గా ప్రసిద్ధమైన ఉచిత ప్రసారము జీశాట్-15 ఉపగ్రహమునుండి వచ్చుచున్నది. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమున భూమధ్యరేఖకు పైన నిలిచియున్నది. హైదరాబాదు మిద్దెపై నిలిచినవానికి అది దక్షిణమునుండి తూర్పునకు సుమారు 42 డిగ్రీలు తొలగి, క్షితిజమునకు 63 డిగ్రీల ఎత్తున నుండును. విశాఖపట్టణమున తూర్పుకొరగు 31 డిగ్రీలు, ఎత్తు 66 డిగ్రీలు. అమర్చువారు ప్రథమమున పడు పొరపాటు ఒకటి కలదు: ఉపగ్రహము అంత ఎత్తున నున్నది గదా యని డిష్షు ముఖమును మిక్కిలి పైకెత్తుదురు. మన ఇండ్లపై నుండునవి ఆఫ్‌సెట్ డిష్షులు. అవి తమ ముఖము చూచుచున్నట్లు కనబడు దిక్కుకంటె ఇరువదికి పైగా డిగ్రీలు ఎగువనుండి వచ్చు తరంగమును పట్టును. కావున ఉపగ్రహమును చూచుచున్న డిష్షు దానికి దిగువగా చూచుచున్నట్లే కనబడవలెను. బోల్టులను సగము బిగించి, డిష్షును వ్రేలెడు మేర కదలించి, గ్రాహకము పట్టు చిక్కించుకొనుటకు రెండు మూడు క్షణములు వ్యవధి నిచ్చి, మరల కదలించుచు పోవలెను. తెరపై కనబడు రెండు గీతలలో సిగ్నల్ స్ట్రెంత్ అనునది వ్యర్థరవమునుగూడ కలుపుకొని చెప్పును గనుక దానిని నమ్మి ఆగిపోరాదు. క్వాలిటీ యను గీత పెరిగినప్పుడే ఉపగ్రహము చిక్కినట్లు.

డిష్షు చేతికొనయందు కూర్చున్న ఎల్.ఎన్.బి. అను చిన్న అంగమునందు సైతము పైని చెప్పిన మేళనమే జరుగును. 11,090 మెగాహెర్ట్జ్ వద్ద వచ్చిన తరంగము, ఎల్.ఎన్.బి.లోని 9,750 మెగాహెర్ట్జ్ తరంగముతో కలిసి, 1,340 మెగాహెర్ట్జ్‌గా మారి కేబులు గుండ క్రిందికి దిగును. పదకొండు వేల మెగాహెర్ట్జ్ తరంగమును అటులనే కేబులులో దింపబూనినచో దారిలోనే హరించిపోవును. అదే కేబులుమీదుగా గ్రాహకము పైకి విద్యుత్తును పంపును. 13 వోల్టులు పంపిన లంబ ధ్రువణము గల చానళ్లును, 18 వోల్టులు పంపిన సమతల ధ్రువణము గలవియు దిగివచ్చును. ఒక్క తీగపైననే శక్తియు, ఆజ్ఞయు పైకేగ, ప్రసారము క్రిందికి వచ్చు నీ యేర్పాటునందలి పొదుపు, నేనెరిగిన గృహోపకరణములలో మరి దేనియందును లేదు.

ఉపగ్రహమునుండి నేరుగా గ్రహించుట తెలుగువారికి క్రొత్త కాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వరకు నాసావారి ఏటీఎస్-6 ఉపగ్రహము నాశ్రయించి ఇస్రో నడపిన సైట్ అను ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగమునందు, ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ప్రసారము నేరుగా అందినది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల గూళ్లకు వాడు తీగవలతో అల్లిన మూడు మీటర్ల డిష్షులను పంచాయతీ ఆవరణములందు నిలిపి, సాయంవేళ గ్రామస్థులందరు గుమికూడి చూచెడివారు. ఒకే చిత్రమునకు రెండు భాషల శబ్దములను ఏకకాలమున పంపు ఏర్పాటు సైతము అందుండెను. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము వెలయకముందే తెలుగు పల్లె ఉపగ్రహమునుండి సూటిగా తెలుగు కార్యక్రమములను వినియున్నది. మధ్యవర్తి యెవ్వడును లేని ఆ ప్రజాప్రసారాదర్శము ఏబది యేండ్లకు పూర్వమే మన నేలపై సాధ్యమని నిరూపితమైనది. పిమ్మటి కాలమున దానిని మనము చేజార్చుకొంటిమి.

2011 నాటి కేబుల్ టెలివిజన్ సవరణచట్టము ననుసరించి దేశమంతట కేబుల్ ప్రసారము విడతలవారీగా డిజిటల్ అయినది. రెండవ విడతలో, 2013 మార్చి 31 గడువునకు లోబడిన 38 నగరములలో హైదరాబాదు, విశాఖపట్టణము చేరియున్నవి. ప్రసారము డిజిటల్ అగుట శుభము. కాని అదే వేళ ప్రతి సెట్టు ప్రక్కనను ఒక పెట్టె వచ్చి చేరెను. ఒక సంస్థ ఇచ్చిన పెట్టె మరియొక సంస్థ ప్రసారమునకు పనికిరాదు. ఇల్లు మారినను, ఊరు మారినను, చందా నచ్చక సంస్థను మార్చినను, సొమ్ము చెల్లించి తెచ్చుకొనిన ఆ యంత్రము అటకపైకి చేరవలసినదే. అందలి ట్యూనరు, దోషపరిహారగణితము, చిత్రమును విప్పు చిప్పు—ఇవన్నియు అన్ని పెట్టెలయందును ఇంచుమించుగా ఒక్కటే. వేరుగా నుండునది ఆ సంస్థ తన చానళ్లకు వేసికొనిన గూఢలిపి తాళము మాత్రమే. ఆ తాళమును చిన్న కార్డుగానో, మాడ్యూలుగానో విడదీసి ఇచ్చి, తక్కిన దానినంతయు సెట్టునందే ఉంచుట సాంకేతికముగా ఎన్నడో సాధ్యమైన పని. యూరప్ దేశములందు 30 సెంటీమీటర్లకు మించిన తెర గల ప్రతి డిజిటల్ సెట్టునకును అట్టి మాడ్యూలును అందుకొను ద్వారముండవలెనని చట్టము కలదు. మన టెలికాం నియంత్రణసంస్థయైన ట్రాయ్‌యు 2020 ఏప్రిల్‌లో, పెట్టెలు పరస్పరము ఉపయోగపడునట్లుండవలెననియు, డిజిటల్ సెట్లయందు యూఎస్‌బీ ఆధారమైన అట్టి ద్వారము నమర్చవలెననియు సిఫారసు చేసినది. 2022లో భారతీయ ప్రమాణముల సంస్థ ఉపగ్రహ ట్యూనరును లోపలనే గల సెట్లకు ఐ.ఎస్. 18112 అను ప్రమాణమును వెలువరించినది. ఇవి రెండును శ్లాఘనీయములు. కాని ప్రమాణము వెలువడుటతోనే ప్రతి సెట్టునందును ట్యూనరు వచ్చి కూర్చుండదు. దానికి నిర్బంధము కావలెను.

నిర్బంధమునకు ఆక్షేపించువారు ముఖ్యముగా ఖర్చును చూపుదురు. గూఢలిపి లేని ఉచిత ప్రసారమును గ్రహించుటకు సెట్టులో అదనముగా కావలసినది ఒక ట్యూనర్ చిప్పు, కేబుల్ తగిలించు సాకెట్టు, ఎల్.ఎన్.బి.కి విద్యుత్తు నిచ్చు చిన్న ఏర్పాటు. చిత్రమును విప్పు చిప్పు ప్రతి స్మార్ట్ సెట్టునందును ముందే యున్నది. అన్ని సెట్లయందును ఒకే అంగము చేరునపుడు దాని వెల తగ్గుట సహజము. అమెరికా అనుభవము దీనికి సాక్ష్యము. అచట 1962లో చేసిన చట్టము యూహెచ్ఎఫ్ చానళ్లనుగూడ గ్రహింపగల ట్యూనరు ప్రతి సెట్టునందు నుండవలెనని శాసింపగా, అంతవరకు చూచువారు లేక కుంటుపడియున్న ఆ కేంద్రములకు జీవము వచ్చినది. మరల 2002లో అచటి ప్రసారనియంత్రణ సంఘము డిజిటల్ ట్యూనరును నిర్బంధము చేసి, పెద్ద తెరల సెట్లతో మొదలుపెట్టి క్రమముగా చిన్న సెట్లకు విస్తరించి, 2007 మార్చి 1 నాటికి అన్నింటికిని వర్తింపజేసెను. 2009 జూన్ 12న ప్రధాన కేంద్రముల అనలాగ్ ప్రసారము ఆపివేయబడుటకు ముందు, పాత సెట్లు గల ఇండ్లకు 40 డాలర్ల విలువ గల కూపన్లను ఇంటికి రెండువరకు పంచిరి. తయారీదారులు అప్పుడును ఖర్చును చూపి అభ్యంతరము చెప్పిరి. నేడు అచట ట్యూనరు లేని సెట్టును టెలివిజన్ అను పేర అమ్ముటకే వీలులేదు.

ఇంటర్‌నెట్ వచ్చిన పిమ్మట ట్యూనరెందులకని అడుగువారును కలరు. ఇంటర్‌నెట్టునకు నెలనెలకు సొమ్ము కట్టవలెను. చూచువారు పెరిగినకొలది దాని దారి ఇరుకగును. ఎవరు ఏమి ఎంతసేపు చూచిరో అది లెక్క వ్రాసికొనును. ప్రసారమునకు ఈ మూడు దోషములును లేవు. ఒక్కడు చూచినను, కోటిమంది చూచినను ఉపగ్రహమునకు శ్రమ ఒక్కటే. వినువాడెవ్వడో దానికి తెలియదు, తెలిసికొనవలసిన పనియు లేదు. డిష్షు, పెట్టె కలిపి రెండు వేల రూపాయల మేరకు ఒక్కసారి వెచ్చించి, నెలచందా లేక ఫ్రీ డిష్ ను చూచు ఇండ్లు దేశమున నాలుగు కోట్లకు పైబడినవని అంచనా. అవి అధికముగా పేదల ఇండ్లు, పల్లె ఇండ్లు, కేబులు చేరని గిరిజనగూడెములలోని ఇండ్లు. వారి సౌకర్యము గతించిన కాలపు అవశేషమని భావించుట అన్యాయము.

ఈ విషయమున తెలుగువారికి ప్రత్యేకమైన కొరత యొకటి కలదు. ఫ్రీ డిష్ పై తెలంగాణమునకు డీడీ యాదగిరి, ఆంధ్రమునకు డీడీ సప్తగిరి కలవు. కాని ప్రైవేటు చానళ్లకు స్థానములను వేలముపాటలో అమ్ముచుండుటచేత, విశాలమైన విపణి గల హిందీ చానళ్లవారే వానిలో సింహభాగమును పొందుచున్నారు. ప్రసార భారతి చట్టము దేశమునందలి వివిధ ప్రాంతముల సంస్కృతులకును భాషలకును తగిన స్థానము నొసగవలెనని ఆ సంస్థకు విధించియున్నది. ఆ విధి నెరవేరవలెనన్నచో, తెలుగు మొదలగు భాషలకు కొన్ని స్థానములను ప్రత్యేకించి, వానికి వేరుగా, తక్కువ మూలధరతో వేలము జరుపుట తప్ప నాకు వేరు మార్గము కనబడుటలేదు. చూడదగిన తెలుగు చానళ్లు లేనిచో, సెట్టులో ఎంత చక్కని ట్యూనరున్నను శ్రీకాకుళపు పల్లెలో గాని, ఆదిలాబాదు గూడెములో గాని దానిని వాడువారుండరు.

తీరప్రాంతమునకు మరియొక యవసరము కలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు విద్యుత్తు, సెల్ టవర్లు, కేబుల్ తీగలు ఒక్కసారిగా కూలిపోయి, నగరమునకు తన దుస్థితి తనకే తెలియకుండ కొన్ని దినములు గడచినవి. అట్టి గాలికి డిష్షులును నిలువవు. కాని ఎత్తైన కొండపై జెనరేటరుతో నడచు ఒక్క భూతల డిజిటల్ ట్రాన్స్‌మిటరు నిలిచినచో, గదిలోనుంచిన చిన్న యాంటెనాతో, బ్యాటరీ గల సెట్టుతో, వరద ఎంతవరకు వచ్చినదో, ఏ బడిలో ఆశ్రయమున్నదో చిత్రసహితముగా ప్రతి ఇంటికి తెలుపవచ్చును. జపాను తన భూతల డిజిటల్ ప్రసారమునందు ప్రతి చానలును 13 ఖండములుగా విభజించి, అందొక ఖండమును చేతిలోని చిన్న గ్రాహకములకై ప్రత్యేకించినది. భూకంపములవేళ అట్టి గ్రాహకములు మిక్కిలి ఉపయోగపడును. దూరదర్శన్ 2016లో డీవీబీ-టీ2 అను భూతల డిజిటల్ పద్ధతిని 16 నగరములలో ఆరంభించినది. ఆ పద్ధతిని విస్తరింపదలచినచో తుపానుల బాటనున్న కోస్తా జిల్లాలే మొదటి వరుసలో నుండవలెను.

కావున ప్రభుత్వము చేయవలసినది స్పష్టము. నేటినుండి రెండు సంవత్సరములు గడువిచ్చి, మొదట 43 అంగుళములు, అంతకు మించిన సెట్లకును, తరువాతి సంవత్సరము తక్కిన వానికిని డీవీబీ-ఎస్2 ట్యూనరును, భూతల ప్రసారము చేరు జిల్లాలలో అమ్ముడుపోవు వానికి డీవీబీ-టీ2 ట్యూనరును నిర్బంధము చేసి, చందా చానళ్ల తాళమునకు మాడ్యూల్ ద్వారమును జతపరచవలెను. ఆ యుత్తరువు వెలువడులోపల సెట్టును కొనువారు ఊరకుండనక్కరలేదు. సాధారణముగా సెట్టు పెట్టెపైన గాని, దాని వివరపత్రమునందు గాని ట్యూనరు పేర ఒక వరుస యుండును. అందు అనలాగ్ అని మాత్రమే వ్రాసియున్నదో, డీవీబీ-ఎస్2, డీవీబీ-టీ2 అనియు వ్రాసియున్నదో చూచి, లేనిచో ఉన్నదానిని చూపుమని విక్రేతను అడుగవలెను. పదిమంది అడిగిన అంగడివాడు హోల్‌సేలు వర్తకుని అడుగును. అతడు తయారీదారుని అడుగును.